మంచుకాటు: తొందరపడి కరిగించకండి

మంచుకొండ దిగివచ్చిన ఒక యువకుడి పాదాల ఫొటో ఈ మధ్య చూశాను. కాలివేళ్లు బొగ్గులా ఉన్నాయి. గడ్డకట్టిన పాదాలను దారి మధ్యలో గుడారంలో కాచుకుని, మెత్తబడగానే మళ్లీ బూట్లు తొడిగి మంచులోకి నడిచాడట. ఇలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను ఇంతకుముందూ చూశాను.

మంచుకాటులో, అంటే ఫ్రాస్ట్‌బైట్‌లో, కణజాలంలోనే మంచు స్ఫటికాలు ఏర్పడతాయి. అది కరగగానే దెబ్బతిన్న రక్తనాళాల్లో వాపు మొదలై నెత్తురు గడ్డకడుతుంది. ఆ స్థితిలో మళ్లీ చలి సోకితే, మొదటిసారి బతికిపోయినదీ చచ్చిపోతుంది. కాబట్టి మళ్లీ చలిలోకి వెళ్లక తప్పదంటే కరిగించవద్దు. గత్యంతరం లేనప్పుడు గడ్డకట్టిన పాదంతోనే నడిచి దిగడం మేలు.

1812లో రష్యా నుంచి వెనుదిరిగిన నెపోలియన్ సేనలో శస్త్రవైద్యుడు లారే చూసిందీ ఇదే. రాత్రి మంటల దగ్గర కాచుకుని పగలు మంచులో నడిచిన సైనికుల కాళ్లు కుళ్లిపోయాయి. ఆయన నేరమంతా వేడిమీద మోపి, మంచుతో రుద్దమన్నాడు. ఆ సలహా వందేళ్లకు పైగా చెలామణి అయింది, ఇప్పటికీ చావలేదు. రుద్దకండి, మంచుతోనైనా చేతులతోనైనా.

మళ్లీ చలి సోకని చోటికి చేరాక ఒళ్లంతా చల్లబడి మగతగా ఉంటే ముందు ఆ సంగతి చూడండి, వేళ్లు తర్వాత. ఉంగరాలు తీసేయండి, వాచాక రావు. గడ్డకట్టిన భాగాన్ని 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో, చర్మం ఎర్రబడి మెత్తబడేదాకా, సుమారు అరగంట ఉంచండి. నీళ్లు చల్లారకుండా చూసుకోండి. మంట, హీటరు వద్దు. స్పర్శ లేని చర్మానికి కాలుతున్నా తెలియదు. కరిగేటప్పుడు నొప్పి భరించలేనంతగా ఉంటుంది, భయపడి మధ్యలో ఆపకండి. బొబ్బలు చిదమకండి. వేళ్ల మధ్య పొడి గాజుగుడ్డ పెట్టండి. సిగరెట్ వద్దు, మద్యం వద్దు. కరిగిన పాదం నేలమీద మోపవద్దు. మళ్లీ చలిలోకి అసలే వద్దు. ఆస్పత్రికి ఆలస్యం చేయకండి: తీవ్రమైన కేసుల్లో నెత్తుటి గడ్డలను కరిగించే మందు 24 గంటల లోపే ఇవ్వాలి. ధనుర్వాతం టీకా గురించి అడగండి. వేలు నల్లబడింది కదా అని తీసేయమని డాక్టరును తొందరపెట్టకండి. ఇన్‌ఫెక్షన్ ముదిరితే తప్ప, ఎంతవరకు బతికిందో తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.