కారు రూఫ్ గుడ్డ ఊడి వేలాడుతోందా? పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

- గుడ్డను వేలితో నొక్కి చూడండి. లోపలి స్పాంజి పసుప్పచ్చ పొడిలా రాలితే, పాత గుడ్డనే మళ్లీ అంటించాలనే ఆశ వదులుకోండి. గమ్ పట్టేది ఆ పొడిని, గుడ్డ వెనకున్న రూఫ్ అట్టను కాదు. మా పాత కారుకి నేను అలాగే చేశాను. ఒక్క ఎండాకాలం కూడా నిలవలేదు. స్పాంజి అంటించి ఉన్న కొత్త గుడ్డే కొనండి.
- రూఫ్ లైట్ విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు (కిటికీల పైన, రూఫ్ అంచుల్లో ఉండే గాలి సంచులు) ఉన్న కారైతే సొంతంగా చేయొద్దు, మెకానిక్‌కే ఇవ్వండి.
- అట్ట పెళుసు. వంచితే విరుగుతుంది. ముందు సీట్లు పూర్తిగా వాల్చి, ఇద్దరు పట్టుకుని బయటికి తీయండి.
- పొడి గోకేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు. మెత్తటి బ్రష్ చాలు, ఇనుప బ్రష్ అట్టను చీలుస్తుంది.
- తెల్ల ఫెవికాల్ వద్దు. వేడికి తట్టుకునే కాంటాక్ట్ గమ్ (రెండు వైపులా పూసి, కాస్త ఆరాక అంటించేది) తీసుకోండి. అది త్వరగా నిప్పంటుకునే సరుకు, కాబట్టి ఆరుబయటే కొట్టండి, దగ్గర్లో సిగరెట్, స్టవ్ ఉండకూడదు.
- ఊడిన గుడ్డను గుండుసూదులతో గుచ్చి నిలబెట్టడమా? నెల రోజులకైతే సరే.