పాదాల సంగతి – మూడో పాఠం: ఆరు వేళ్ల పరీక్ష

షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి పాదాలు కడుక్కుని, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుని, అరికాలు చూసుకోవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. వంగలేనివాళ్లు అద్దం నేల మీద పెట్టి చూసుకోవాలని కూడా చెప్పుకున్నాం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు, నడుములు బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు ఆ అద్దమే దిక్కు. కాలి వేళ్లకు స్పర్శ ఉందో లేదో చూసుకునే ఈ పాఠానికి మాత్రం ఇంకో మనిషి కావాలి. కొడుకో, కోడలో, మనవరాలో, ఎవరైనా సరే. ఐదు నిమిషాల పని.

ముందు ఒక ముల్లు సంగతి. మా నాయినకు చాలా ఏళ్లుగా షుగర్. నల్లగొండ దగ్గర మాకు చిన్న బత్తాయి తోట ఉంది. ఎండు కొమ్మలు నరికి గట్టు మీద వేస్తాం కానీ వాటి ముళ్లు ఎక్కడికీ పోవు. ఒకరోజు పొద్దుగూకినాక నాయిన ఇంటికొచ్చి, చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. గచ్చు మీద అడుగుకొక ఎర్రటి మరక. అమ్మ చెప్పు తిరగేసి చూస్తే అడుగులోంచి ముల్లు పైకి పొడుచుకొచ్చి ఉంది. ఎప్పటి నుంచి దాని మీద నడిచాడో ఏమో. "నాకేం గుచ్చలేదే" అన్నాడు. అబద్ధమాడలేదు. ఆయనకు నిజంగానే తెలియలేదు.

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. కాలి వేళ్ల దాకా పోయే నరాలు బాగా పొడవైనవి. అందుకే మొద్దుబారడం సాధారణంగా వేళ్ల కొసల్లో మొదలై పైకి పాకుతుంది. కొందరికి ముందు తిమ్మిర్లు, మంటలు వస్తాయి. కొందరికి ఏ సూచనా ఉండదు. మంటలు తగ్గాయి కాబట్టి నయమైందని సంబరపడేవాళ్లూ ఉన్నారు. ఒక్కోసారి అది స్పర్శ పూర్తిగా పోవడం వల్ల కూడా కావచ్చు.

డాక్టర్లు దీన్ని సన్నని నైలాన్ పోగుతో పరీక్షిస్తారు. పది గ్రాముల ఒత్తిడికి అది వంగుతుంది. ఆ పోగు మన ఇళ్లలో ఉండదు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి డాక్టర్లు వట్టి చేతి వేలితో చేసే పరీక్ష ఒకటి రూపొందించారు. మనం చేయబోయేది అదే.

షుగర్ ఉన్న మనిషిని మంచం మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. ముందు ఒక కాలు ముట్టి "ఇది కుడి", రెండోది ముట్టి "ఇది ఎడమ" అని చెప్పండి. ముట్టినట్టు తెలిసినప్పుడల్లా కుడో ఎడమో పైకి అనమనండి. ఇక మీ చూపుడు వేలి కొసను వాళ్ల కాలి వేలి కొసకు ఈక వాలినంత తేలిగ్గా ఒకటి రెండు సెకన్లు ఆనించి తీసేయండి. నొక్కొద్దు, తట్టొద్దు, రుద్దొద్దు. వరుస ఇది: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు. ఒక్కో వేలిని ఒక్కసారే ముట్టాలి. తెలియలేదని రెండోసారి ముట్టకూడదు.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ముట్టగానే "తెలుస్తుందా?" అని అడుగుతారు. అడిగితే పెద్దవాళ్లు "ఆ, తెలుస్తుంది" అనక ఏమంటారు? మీరు నోరు మెదపొద్దు. ఒక వేలికీ ఇంకో వేలికీ మధ్య ఒకసారి ఎక్కువసేపు, ఒకసారి తక్కువసేపు ఆగండి. మా నాయిన మూడో వేలు ముట్టకముందే "ఎడమ" అనేశాడు. ఊహించి చెప్తున్నాడని అప్పుడు తెలిసింది. ఇంకో మొహమాటం కూడా ఉంది, కోడలితో కాళ్లు ముట్టించుకోవడమేంటని. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అందరం ఆ కాళ్లకే మొక్కుతాం కదా, ఇంకో ఐదు నిమిషాలు ముడితే ఏం?

ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గిందనే అనుకోవాలి. ఆ వారంలోనే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో మీ డాక్టరుకో పాదాలు చూపించండి. ఒక్కటే తప్పితే ఇంకోరోజు మళ్లీ చేయండి. ఆరూ తెలిసినా ఏడాదికోసారి డాక్టరు చూడాల్సిందే. రక్తం సరిగ్గా అందుతుందో లేదో ఈ పరీక్ష చెప్పదు. పుండు, చీము, నల్లబడటం, ఒక పాదం వాచి వేడిగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా పరీక్షలు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

స్పర్శ తగ్గినవాళ్లు వట్టి కాళ్లతో నడవకూడదు, ఇంట్లో కూడా. చెరువుగట్టు గుడి మెట్లు ఎక్కాలనుకుంటే ఎండ రాకముందే పోయి రండి, కాళ్లకు మేజోళ్లు వేసుకోండి. రామలింగేశ్వరుడు ఏమీ అనుకోడు.

ఈ వారం పని: ఈ పరీక్ష చేసి, తెలియని వేళ్ల పేర్లు క్యాలెండర్ మీద తేదీ పక్కన రాసిపెట్టండి. డాక్టరు దగ్గరికి ఆ కాగితమే తీసుకుపోవచ్చు.

వచ్చే పాఠం చెప్పుల గురించి. అంతదాకా ఇంట్లో పాత చెప్పుల్ని పారేయకండి. అవి ఎక్కడెక్కడ అరిగాయో చూసే పని ఉంది.