స్పీకర్లో 'స' బుసకొడుతుంటే ఎలా సరిచేయాలి?

పాలకొల్లులో మా బాబాయి కొత్త డాబా కట్టుకుని, పాత పెంకుటింట్లో ఉన్న స్పీకర్ల జతని తెచ్చి హాల్లో పెట్టారు. ఆంప్ (స్పీకర్‌ని మోగించే యాంప్లిఫయర్) మాత్రం కొత్తది. అరచేతిలో పట్టే క్లాస్-డి (స్విచ్‌లా చకచకా ఆన్-ఆఫ్ అవుతూ పనిచేసే) రకం బుల్లి ఆంప్. అరగంట విన్నాక పిన్ని అంది: "ఏవండీ, పాటలో 'స' వచ్చినప్పుడల్లా పాము బుసకొట్టినట్టుందేంటండీ?" బాబాయి అప్పటికే ఫోన్లో కొత్త స్పీకర్ల రేట్లు చూస్తున్నారు. పిన్ని పట్టుకున్న జబ్బు నిజమే, బాబాయి రాస్తున్న మందే తప్పు.

'స', 'శ' పలికేటప్పుడు వచ్చే గాలి చప్పుడు ఎక్కువగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ పని ట్వీటర్‌ది, అంటే స్పీకర్ పెట్టెలో సన్నటి శబ్దాల కోసం ఉండే చిన్న స్పీకర్‌ది. అక్కడ సౌండ్ రెండు మూడు డెసిబెల్స్ (సౌండ్ కొలత) పెరిగినా గొంతు గీరుగా వినిపిస్తుంది. అలాగని తప్పంతా ట్వీటర్ మీద వేసేయకండి.

మొదట రెండుసార్లు వినండి. బాగా తెలిసిన పాట ఒకటి తీసుకోండి, వాయిద్యాల హోరు లేనిదైతే మేలు. ముందు మెల్లగా, తర్వాత మీరు రోజూ వినేంత గట్టిగా పెట్టండి. గట్టిగా పెట్టినప్పుడే గుచ్చుకుంటే ఆంప్ శక్తి చాలడం లేదని అనుమానించాలి. మెల్లగా ఉన్నప్పుడూ గుచ్చుకుంటే కారణం వేరే. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ చాలామంది దీన్ని వదిలేసి నేరుగా వైర్లు మార్చేస్తారు.

గట్టిగా పెడితేనే గుచ్చుకుంటుంటే. శక్తి అయిపోయిన ఆంప్ శబ్ద తరంగం తలని కోసేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అలా కోసినచోట అసలు పాటలో లేని పై హార్మోనిక్స్ (అదనపు సన్నటి శబ్దాలు) పుట్టి ట్వీటర్‌కి పోతాయి. "చిన్న ఆంప్ పెడితే స్పీకర్ పోదు" అనే మాట అందుకే నమ్మొద్దు. చిన్న ఆంప్‌ని చివరిదాకా తిప్పితే ట్వీటర్ కాలిపోవచ్చు కూడా.

స్పీకర్ వెనకో, దాంతో వచ్చిన కాగితంలోనో సెన్సిటివిటీ (ఒకే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) చూడండి. 90 డెసిబెల్స్ స్పీకర్ 10 వాట్లతో ఇచ్చే సౌండ్‌కి, 84 డెసిబెల్స్ స్పీకర్ దాదాపు 40 వాట్లు అడుగుతుంది. బాబాయివి ఈ రెండో రకం.

మా వైపు ఇంకో సంగతి ఉంది. రాత్రిపూట రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) తిరిగేచోట వోల్టేజీ పడిపోవడం కొత్తేం కాదు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలపు ఆంప్‌కి 230 బదులు 180 వోల్టులే అందితే, అది ఇవ్వగలిగే శక్తి సుమారు 60 శాతానికి పడిపోతుంది. పొద్దున బాగుండి రాత్రి గీరుగా వినిపిస్తుంటే స్టెబిలైజర్ మీటరు ఒకసారి చూడండి. 100 నుంచి 240 వోల్టులని రాసున్న అడాప్టర్‌తో నడిచే బుల్లి ఆంప్‌లకి ఈ బాధ ఉండదు.

మెల్లగా ఉన్నా గుచ్చుకుంటుంటే. క్లాస్-డి ఆంప్ చివర ఒక కాయిల్, కెపాసిటర్ కలిసిన ఫిల్టర్ ఉంటుంది. చవక రకాల్లో ఆ ఫిల్టర్ ప్రవర్తన స్పీకర్ ఓమ్స్‌ని (కరెంటుకి స్పీకర్ చూపే అడ్డుని) బట్టి మారుతుంది. 4 ఓమ్స్‌కి లెక్కగట్టినదానికి 8 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే, ముఖ్యంగా 10 కిలోహెర్ట్జ్ పైన, ట్రెబుల్ (సన్నటి శబ్దాల భాగం) పైకి లేస్తుంది. 'స' అంచుకి పదును పెట్టినట్టవుతుంది. అలాగని ఓమ్స్ తగ్గించడానికి రెండు స్పీకర్లు పారలల్‌గా కలిపేయొద్దు, ఆంప్ వేడెక్కి పోతుంది. ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే (బయటికొచ్చిన సిగ్నల్ని చూసి తనని తాను సరిదిద్దుకునే) క్లాస్-డి ఆంప్, లేదా పాత పద్ధతిలో పనిచేసే మామూలు క్లాస్-ఏబీ ఆంప్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒక సాయంత్రం అడిగి తెచ్చుకోండి.

పోల్చేటప్పుడు రెండింటి సౌండ్ ఒకే స్థాయిలో ఉండాలి. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, కుర్చీలోంచి కదలకుండా కొలవండి. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

గాజు వాల్వులతో నడిచే వాల్వ్ ఆంప్ అయితే స్పీకర్ వైర్లని 8 ఓమ్స్ టెర్మినల్ నుంచి 4కి మార్చి వినండి. ఆపి, ప్లగ్ తీసి మార్చాలి. స్పీకర్ తగిలించకుండా మాత్రం ఆన్ చేయకండి.

హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. చప్పట్ల వెనకే "ట్రింగ్" మని తోక వినిపిస్తే సగం తప్పు గదిదే. నున్నటి టైల్స్, ఖాళీ గోడలు ట్రెబుల్‌ని తిప్పికొడతాయి. స్పీకర్లకీ మీకూ మధ్య నేల మీద మందపాటి బొంత పరిచి, కిటికీలకి కర్టెన్లు లాగి మళ్లీ వినండి. స్పీకర్లు మీ మొహంలోకి చూస్తుంటే తిన్నగా ముందుకు తిప్పండి. ట్వీటర్ పదును కొంత పక్కకి పోతుంది.

ఉప్పుగాలి తగిలే నరసాపురం, అంతర్వేది వైపు వాళ్లు వైరు కొసలు కూడా చూసుకోవాలి. రాగి పచ్చబడితే అర అంగుళం కత్తిరించి కొత్తగా ఒలిచి బిగించండి.

ఇవన్నీ అయ్యాక కూడా గుచ్చుకుంటే అప్పుడు స్పీకర్ విప్పడం. 8 ఓమ్స్ ట్వీటర్‌కి సిరీస్‌లో 1 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ పెడితే సుమారు ఒక డెసిబెల్, 2.2 ఓమ్స్ పెడితే రెండు డెసిబెల్స్ తగ్గుతుంది. టంకం చేయి తిరిగినవాళ్లకే ఈ పని అప్పజెప్పండి.

బాబాయికి అంతదాకా రాలేదు. పక్కింటి క్లాస్-ఏబీ ఆంప్‌తో బుస సగం తగ్గింది, మిగతాది బొంత మింగేసింది. ఆంప్ ఆయన ఇంకా తిరిగివ్వలేదు. బొంత సంగతి చలికాలం వస్తే పిన్ని తేలుస్తుంది.