సముద్రం అడుగున దొరికిన లావా రాయిలో పాత అయస్కాంతత్వం కొలవడం ఎలా

ముందు ఒక మాట. రాయి ముక్క మీద పైవైపు ఏదో చూపించే బాణం గుర్తు లేకపోతే, దాన్ని ఎంత ఖరీదైన యంత్రంలో పెట్టి కొలిచినా పనికొచ్చే సమాధానం రాదు. ఈ పనిలో మిగతా తప్పులు చాలావరకు దిద్దుకోవచ్చు, ఇది మాత్రం దిద్దుకోలేం. అందుకే కింద చెప్పేవాటిలో బాణం సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది, విసుక్కోకండి.

అసలు కొలిచేది ఏంటంటే, లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నెటైట్ జాతి ఖనిజాల రేణువులు ఒక ఉష్ణోగ్రత దాటి కిందికి రాగానే అప్పుడు అక్కడున్న భూమి అయస్కాంత క్షేత్రం దిక్కుని పట్టుకుని అలాగే ఉండిపోతాయి. ఆ ఉష్ణోగ్రతని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు, స్వచ్ఛమైన మాగ్నెటైట్‌కి అది 580 డిగ్రీల సెల్సియస్. తెలుగు మీడియంలో ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్ళకి దిక్పాతం, అవపాతం అనే రెండు మాటలు గుర్తుండే ఉంటాయి. దిక్పాతం అంటే సూది అసలు ఉత్తరం నుంచి ఎంత పక్కకి తిరిగిందో ఆ కోణం, అవపాతం అంటే అడ్డం నుంచి ఎంత కిందికి వాలిందో ఆ కోణం. మనకి ఇక్కడ అవపాతమే ప్రాణం. భూమధ్యరేఖ దగ్గర సూది అడ్డంగా ఉంటుంది, ధ్రువం దగ్గర నిట్టనిలువుగా దిగుతుంది, మధ్యలో ఎంత వాలిందో తెలిస్తే అక్షాంశం తెలిసిపోతుంది. సూత్రం చిన్నదే: అవపాతం టాన్ విలువ, అక్షాంశం టాన్ విలువకి రెండింతలు.

ఉదాహరణకి కోకో అనే సీమౌంట్‌ని తీసుకుందాం. సీమౌంట్ అంటే సముద్రంలో మునిగిపోయిన అగ్నిపర్వతం. హవాయి దీవుల నుంచి వాయవ్యంగా వెళ్ళి, తర్వాత ఉత్తరానికి మలుపు తిరిగే ఒక పొడవాటి సీమౌంట్ల వరస ఉంది. ఆ మలుపుకి కాస్త ఉత్తరాన ఉన్నది కోకో, ఇంకా పైకి నింటోకు, బాగా ఉత్తరాన డెట్రాయిట్. 2001లో జోయిడెస్ రిజల్యూషన్ నౌక, ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రామ్‌లోని 197వ ప్రయాణంలో ఈ మూడింటిలోనూ డ్రిల్ చేసింది. అడిగిన ప్రశ్న ఒక్కటే: భూమి పలకతో పాటు దూరంగా జరిగిపోక ముందు ఈ అగ్నిపర్వతాలు పుట్టిన చోటు, అంటే భూమి లోపలి నుంచి వేడి పైకొచ్చే ఆ హాట్‌స్పాట్, ఎప్పుడూ ఇప్పటి హవాయి అక్షాంశంలోనే, 19 డిగ్రీల దగ్గరే ఉందా, లేక అది కూడా కదిలిందా?

కోర్ చేతికొచ్చాక

గట్టి రాయిని తిరిగే డ్రిల్‌తో పొడవాటి స్తంభంలా తీస్తారు, దాన్నే కోర్ అంటారు. డ్రిల్ తిరుగుతుంది కాబట్టి కోర్ ముక్కలు లోపలే విరిగి, గిర్రున తిరిగి, ఏది ఎటు చూస్తోందో తెలియకుండా పైకొస్తాయి. ఉత్తరం ఎటో పోయింది, అంటే దిక్పాతం పోయింది. మిగిలేది పైన, కింద మాత్రమే. అది కూడా ముక్క పొడవు కోర్ వ్యాసం కన్నా, అంటే సుమారు 6 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ ఉంటేనే, ఎందుకంటే అంతకన్నా చిన్న ముక్క గొట్టంలోనే తలకిందులై ఉండొచ్చు. చిన్న ముక్క ఎంత అందంగా కనిపించినా వదిలేయండి.

కోర్‌ని నిలువునా రెండు సగాలుగా కోస్తారు. ఒకటి ఆర్కైవ్ సగం, దాన్ని ముట్టుకోరు. రెండోది పని కోసం వాడే సగం, శాంపిల్ అందులోంచే తీయాలి. లావా ప్రవాహం మధ్యలోంచి, పగుళ్ళు, తెల్లటి కాల్సైట్ చారలు లేని చోటు చూసుకుని, 2 సెంటీమీటర్ల ఘనం గానీ 2.5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న స్తంభం గానీ కోయండి. కోసే ముందే, మళ్ళీ చెబుతున్నాను, కోసే ముందే, కోసిన ముఖం మీద పైకి బాణం గీయండి. రంపం దగ్గర నీళ్ళు పడి మార్కర్ చెరిగిపోతుంది కాబట్టి ముందు ఆ చోటు గుడ్డతో తుడిచి, ఆరాక గీసి, కోయడం అవ్వగానే మళ్ళీ దిద్దండి.

నా మొదటి రోజుల్లో జరిగింది చెబుతాను. పదహారు ఘనాల మీద మామూలు మార్కర్‌తోనే బాణాలు గీసి వేడిచేసే ఓవెన్‌లో పెట్టాను. 200 డిగ్రీల దాకా నల్లగా బాగానే ఉన్నాయి, 300 దగ్గర గోధుమ రంగులోకి తిరిగాయి, 400 డిగ్రీలకి తీసి చూస్తే ఘనాల ఆరు ముఖాలూ ఒకేలా, బూడిద రంగులో, నున్నగా ఉన్నాయి. ట్రేలో పెట్టిన వరస నోట్‌బుక్‌లో రాసుకున్నాను కాబట్టి ఏది ఏ శాంపిలో తెలిసింది గానీ, ఏది ఏ వైపు పైకి ఉండాలో తెలియలేదు. పదహారూ పోయాయి. అప్పటి నుంచి వజ్రపు మొన ఉన్న పెన్నుతో రాయి మీదే సన్నగా గీత పెడతాను, దాని మీద వేడికి తట్టుకునే పెయింట్ వేస్తాను. మీరూ మొదటి రోజు నుంచే అలా చేయండి.

పైపొర తీయడం

రాయిలో ఇప్పుడున్న అయస్కాంతత్వం మొత్తం పాతది కాదు. ఉక్కు డ్రిల్ గొట్టంలోంచి వచ్చేటప్పుడు ఒక కొత్త పొర అంటుకుంటుంది, అది సాధారణంగా నిట్టనిలువుగా కిందికి ఉంటుంది. లక్షల ఏళ్ళుగా ఇప్పటి క్షేత్రంలో పడి ఉన్నందుకు అయస్కాంతత్వం తేలిగ్గా మారిపోయే రేణువులు తెచ్చుకున్న పొర ఇంకొకటి. మనకి కావలసింది వీటి కింద ఉంది. అందుకే మొదటి కొలత చూసి సంబరపడొద్దు, కంగారూ పడొద్దు.

పొర ఊడదీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రంలో పెట్టి ఆ క్షేత్రాన్ని మెల్లగా సున్నాకి దించడం. 2, 5, 10, 15, 20 మిల్లీటెస్లాలు (క్షేత్రం బలానికి కొలమానం), అలా 80 నుంచి 100 దాకా మెట్లుగా వెళ్ళి ప్రతి మెట్టు తర్వాతా కొలవాలి. డ్రిల్లింగ్ పొర చాలాసార్లు 10, 20 మధ్యలోనే పోతుంది, కాబట్టి అక్కడ మెట్లు దగ్గర దగ్గరగా పెట్టుకోండి. ఊహకి ఒక శాంపిల్ చెబుతాను: మొదట అవపాతం 72 డిగ్రీలు చూపించింది, 10 మిల్లీటెస్లాల దగ్గర 51, 15 దగ్గర 42, 20 దగ్గర 39, ఆ తర్వాత 60 దాకా 38, 39 మధ్యే ఆడుతూ బలం మాత్రం తగ్గుతూ వచ్చింది. దిక్కు నిలబడి బలం తగ్గడం, అదే మీకు కావలసిన గుర్తు.

రెండో దారి వేడి. గాలి తగలకుండా కాదు, అయస్కాంత క్షేత్రం తగలకుండా కాపాడిన ఓవెన్‌లో 100 నుంచి 600 డిగ్రీల దాకా మెట్లుగా వేడిచేసి, ప్రతిసారీ సున్నా క్షేత్రంలో చల్లార్చి కొలవాలి. ఓవెన్‌లో కొంచెం క్షేత్రం మిగిలిపోయి ఉంటే కనిపెట్టడానికి, ఒక మెట్టులో శాంపిల్ ఒక వైపుకి, తర్వాతి మెట్టులో ఎదురు వైపుకి పెట్టండి. ఫలితం జిగ్‌జాగ్‌గా వస్తే తప్పు ఓవెన్‌ది, రాయిది కాదు.

సముద్రం అడుగున ఉండే ఈ నల్లటి లావా రాయికి, అంటే బసాల్ట్‌కి, ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. కోట్ల ఏళ్ళు చల్లటి ఉప్పునీటిలో నాని, దానిలోని టైటానోమాగ్నెటైట్, అంటే టైటానియం కలిసిన మాగ్నెటైట్, మెల్లగా ఆక్సీకరణ చెంది టైటానోమాగ్హెమైట్‌గా మారుతుంది. వేడిచేస్తే అది విరిగి కొత్త మాగ్నెటైట్ పుడుతుంది. అంటే మనం పాతదాన్ని చెరుపుతున్నామనుకుంటూ ల్యాబ్‌లోనే కొత్తది తయారుచేస్తున్నామన్నమాట. దీన్ని పట్టుకోవాలంటే ప్రతి వేడి మెట్టు తర్వాతా ససెప్టిబిలిటీ, అంటే బయటి క్షేత్రంలో పెడితే రాయి ఎంత సులువుగా అయస్కాంతమవుతుందో, కొలవండి. అది 300, 350 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఎగబాకితే ఆ పై మెట్లని నమ్మకండి. నేనైతే ఒకే ప్రవాహం నుంచి పక్కపక్కన రెండు ఘనాలు తీసి, ఒకదానికి వేడి, ఒకదానికి మారే క్షేత్రం వాడతాను. రెండూ ఒకే కోణం చెబితేనే ధైర్యం.

కొలిచేది మామూలుగా శాంపిల్‌ని తిప్పుతూ కొలిచే స్పిన్నర్ మాగ్నెటోమీటర్‌తో, బసాల్ట్‌కి అది చాలు. నౌకలో సగం కోర్‌ని అలాగే తోసి కొలిచే సూపర్‌కండక్టింగ్ యంత్రం ఉండేది, అది చాలా సున్నితమైనది, అందుకే బలమైన బసాల్ట్ వచ్చినప్పుడు తడబడేది. ముక్కల అంచుల దగ్గర వచ్చిన అంకెల్ని కూడా పక్కన పెట్టాలి. ఫోన్, బెల్టు, తాళంచెవులు పక్క గదిలో వదిలేసి రండి.

కోణం తీయడం

కొలతలన్నీ జైడర్‌వెల్డ్ గ్రాఫ్ మీద, అంటే ప్రతి మెట్టులోని దిక్కునీ బలాన్నీ కలిపి చూపించే గ్రాఫ్ మీద వేయండి. అందులో చివరి భాగం ఒక సరళరేఖగా మూలబిందువు వైపు వెళ్తోందా చూడండి. ఆ భాగానికి 1980లో కిర్ష్‌వింక్ చెప్పిన పద్ధతిలో గీత అమర్చితే దిక్కు, దాంతోపాటు బిందువులు గీత నుంచి ఎంత చెదిరాయో చెప్పే చెదురు కోణం వస్తాయి. చెదురు 5 డిగ్రీల లోపు ఉంటే మంచిది, 10 దాటితే నేను తీసేస్తాను. గీత మూలబిందువు పక్కనుంచి వెళ్ళిపోతుంటే బలవంతంగా దానికి కట్టేయొద్దు, ఇంకా చెరగని పొర ఏదో ఉందని అర్థం.

ఇప్పుడు అందరూ తడబడే చోటు. ఒక లావా ప్రవాహం చల్లారడానికి పట్టేది రోజులో, నెలలో, మహా అయితే ఏళ్ళో. అంటే అది ఆనాటి క్షేత్రానికి తీసిన ఒక్క ఫోటో. క్షేత్రమేమో వందల, వేల ఏళ్ళలో అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. హైదరాబాద్‌నే చూడండి. అక్షాంశం 17.4, సూత్రం ప్రకారం అవపాతం 32 డిగ్రీలు రావాలి, కానీ ఈ రోజు ఉప్పల్ దగ్గర సూది వేలాడదీస్తే 30 కూడా చూపించదు. ఈ రోజు చల్లారిన రాయిని నమ్మితే హైదరాబాద్‌ని అసలు చోటు కన్నా దక్షిణాన పెట్టేస్తాం. అందుకే ఒక ప్రవాహం నుంచి యాభై శాంపిల్స్ తీసినా అది ఒక్క ఓటే. ముందు ప్రవాహం లోపల సగటు, ఆ తర్వాత ప్రవాహాల మధ్య సగటు. పది, పదిహేను వేర్వేరు ప్రవాహాలన్నా కావాలి. వాటి మధ్యలో మట్టి పొరో అవక్షేపమో ఉంటే ఇంకా మంచిది, మధ్యలో కాలం గడిచిందని అది సాక్ష్యం. పక్కపక్క ప్రవాహాలు రెండూ ఒకే కోణం ఇస్తే, అవి ఒకే విస్ఫోటనంలో వెంట వెంటనే వచ్చాయేమో అనుకుని కలిపేయడం నయం.

సగటు కూడా మామూలు కూడిక, భాగహారంతో తీయకూడదు. దిక్పాతం లేదు కదా, నిలువు దాటి 5 డిగ్రీలు అవతలికి ఒరిగిన దిక్కు కూడా మనకి 95గా కాక 85గానే కనిపిస్తుంది. దాంతో మామూలు సగటు ఎప్పుడూ అసలుకన్నా తక్కువ వస్తుంది, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ ఇది ముదురుతుంది. దీనికోసమే 1982లో మెక్‌ఫాడెన్, రీడ్ ఇచ్చిన లెక్క ఉంది, అది వాడండి.

కోకోకి వచ్చిన పాత అక్షాంశం 21.7 డిగ్రీలు, అవపాతంలో చెప్పాలంటే సుమారు 38.5. మీ కోణంలో అటూ ఇటూ 5 డిగ్రీల అనుమానం ఉందనుకోండి, అక్షాంశం 18 నుంచి 25 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందులో హవాయి 19 కూడా ఉంది కదా! కోకో ఒక్కదాన్నీ పట్టుకుని హాట్‌స్పాట్ కదిలిందని చెప్పలేం. కానీ కోకో వయసు 4.9 కోట్ల ఏళ్ళు, దానికన్నా పాతదైన నింటోకు 27 డిగ్రీలు చెప్పింది, దాదాపు 8 కోట్ల ఏళ్ళ డెట్రాయిట్ నుంచి అంతకుముందే తీసిన కోర్ 36 డిగ్రీల దాకా చెప్పింది. వయసు పెరిగేకొద్దీ అక్షాంశం ఉత్తరానికి జరుగుతోంది. హాట్‌స్పాట్ కదలకుండా ఉంటే మూడూ 19 దగ్గరే చెప్పాలి. అంటే అది దక్షిణానికి జారింది. మూడు సీమౌంట్లని ఒకే ప్రయాణంలో డ్రిల్ చేయడంలో ఉన్న తెలివి ఇదే.

ఇంకో చిక్కు గుర్తు పెట్టుకోండి. భూమి క్షేత్రం అప్పుడప్పుడు తిరగబడుతుంది. ఉత్తరార్ధంలో తిరగబడిన కాలపు రాయీ, దక్షిణార్ధంలో మామూలు కాలపు రాయీ రెండూ మైనస్ కోణమే, అంటే సూది పైకి లేచినట్టే, చూపిస్తాయి, దిక్పాతం లేకుండా వాటిని విడదీయలేం. అప్పుడు రాయి వయసు కావాలి, ఆ వయసులో క్షేత్రం ఎటుందో ముందే తెలిసి ఉండాలి. బంగాళాఖాతం నుంచి దక్షిణానికి 90 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సాగే నైంటీఈస్ట్ రిడ్జ్ రాళ్ళతో సరిగ్గా ఇదే పని. ఇప్పుడు 5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న, 758వ సైట్ అని పిలిచే డ్రిల్లింగ్ చోటి లావా, ఇండియా ఇంకా దక్షిణాన ఉన్న కాలంలో కెర్గులెన్ హాట్‌స్పాట్ మీద, 50 డిగ్రీల దక్షిణం దరిదాపుల్లో పుట్టింది. అక్కడ మామూలు కాలపు కోణం మైనస్ 67 చుట్టూ ఉండాలి.

జోయిడెస్ రిజల్యూషన్ ప్రయాణాలు 2024తో ఆగిపోయాయి, కానీ కోర్లు భద్రంగా ఉన్నాయి. హిందూ మహాసముద్రం కోర్లు ఎక్కువగా జపాన్‌లోని కోచి నిల్వ కేంద్రంలో ఉంటాయి, మన కేరళ కొచ్చి కాదు. శాంపిల్స్ కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాసేటప్పుడు ఏ రంధ్రం, ఏ కోర్, ఏ ముక్క, పైనుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర అనేది స్పష్టంగా రాయండి, 10 సెంటీమీటర్ల కన్నా పొడవున్న ముక్కలనే ఎంచుకోండి, ప్రతి ఘనం మీదా పైవైపు బాణం కావాలని విడిగా ఒక వాక్యం రాయండి. పెట్టె రాగానే ఒక్కో ఘనాన్నీ బాణం కనిపించేలా ఫోటో తీసుకుని, ఆ తర్వాతే సంచీలోంచి బయటికి తీయండి.