కొత్త ఫ్లాట్‌లో చెక్కపని మొదలుపెట్టే ముందు రెండు పెద్ద వానలు కురవనివ్వండి

శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్న ఇళ్లలో చెక్కపని ఆషాఢంలోనే జోరందుకుంటుంది. అప్పటికి నైరుతి వానలు పట్టుకుంటాయి. గాలిలో తేమ నిండిన ఆ రోజుల్లోనే ప్లైవుడ్ కోస్తారు, లామినేట్ అతికిస్తారు, ఇంకా ఆరని గోడలకు అలమరాలు బిగిస్తారు. విజయవాడలో కొత్త ఫ్లాట్ తీసుకున్నవారికి నేను చెప్పదలచింది ఒక్కటే. డిజైను బొమ్మలు ముందేసుకుని కూర్చోవడానికంటే ముందు, ఇంట్లో చెమ్మ ఎక్కడ చేరుతోందో చూసుకోండి. రంగు నచ్చకపోతే రెండేళ్ల తరువాతైనా మార్చుకోవచ్చు. తడి గోడకు ఆనించి కట్టిన వార్డ్‌రోబ్ ఒకసారి బూజు పట్టి ఉబ్బితే దాన్ని విప్పి పారేయవలసిందే.

ప్లాస్టరింగుకు, టైల్స్ కింది సిమెంటుకు వాడిన నీరు పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. పైన పుట్టీ పెట్టి రంగు వేస్తే గోడ ఆరిపోయినట్లే కనిపిస్తుంది. అందుకే రంగు వేయకముందే చిన్న పరీక్ష చేయండి. రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా గోడకు అతికించి మర్నాటిదాకా ఉంచండి. లోపలివైపు నీటి బొట్లు కనిపించినా, ఆ మేరకు గోడ నల్లబడినా అక్కడ చెక్కపని చేయించకండి. స్నానాలగదిని ఆనుకున్న పడకగది గోడను, కిటికీల కింది భాగాన్ని, వాన జల్లు నేరుగా కొట్టే బయటి గోడను తప్పకుండా చూడాలి.

బాత్‌రూంలో నీరు పోయే రంధ్రాన్ని గట్టిగా మూసి, అంగుళం ఎత్తున నీరు నిలిపి 24 గంటలు వదిలేయండి. తరువాత కింది ఫ్లాట్‌వారిని అడిగి వారి పైకప్పు చూసి రండి. పొరుగువారితో తొలి పరిచయం ఇలా జరగడం కొంచెం ఇబ్బందే. కానీ ఆరు నెలల తరువాత వారి ఫాల్స్ సీలింగ్ తడిసి, మీరు వేయించుకున్న టైల్స్ పగలగొట్టవలసి వస్తే ఆ ఇబ్బంది ఇంతటితో పోదు.

వానాకాలం చేసే మేలు కూడా ఒకటుంది. ఖాళీ ఇంటిని దానికన్నా బాగా పరీక్షించేవారు లేరు. పెద్ద వాన వెలిసిన వెంటనే టార్చి తీసుకుని ఫ్లాట్‌కు వెళ్లండి. కిటికీ ఫ్రేముల మూలలు, బాల్కనీ తలుపు గడప, చివరి అంతస్తయితే పైకప్పు, అన్నీ నిదానంగా చూడండి. ఇలా రెండు వానలు చూసేందుకు వీలుగా ముహూర్తం కొంచెం వెనక్కి జరుపుకోగలిగితే మరీ మంచిది. జరపలేమంటే గృహప్రవేశం చేసి పాలు పొంగించుకోండి, చెక్కపని మాత్రం గోడలు ఆరాక మొదలుపెట్టండి. అలమరాలు పూర్తికాని ఇంట్లో పూజ చేస్తే తప్పేమీ లేదు.

కనిపించిన లోపాలన్నింటినీ ఫోటోలతో సహా బిల్డరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని గాని, పనితనంలోని లోపాన్ని గాని దృష్టికి తెస్తే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. చెక్కపని అయ్యాక అడిగితే మాత్రం ‘మీ కార్పెంటరే డ్రిల్లింగ్ చేసి పైపు పగలగొట్టాడు’ అనే జవాబు వస్తుంది. అందుకే ముందే రాయాలి. పైపులు, వైర్లు ఏ గోడలో ఎటు వెళ్లాయో బిల్డరు దగ్గర డ్రాయింగు తీసుకుని కార్పెంటర్ చేతిలో పెట్టండి. ఇటుక గోడలు లేకుండా అల్యూమినియం అచ్చులతో మొత్తం కాంక్రీటులోనే పోసిన భవనమైతే ఆ గోడలు బరువు మోసేవి. కొత్త స్విచ్చి కోసమైనా వాటిని చెక్కనివ్వకండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఆ ప్రాంతాల్లో కింది అంతస్తు తీసుకున్నవారు అప్పుడు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో స్థానికులను అడిగి, ప్లగ్ పాయింట్లను వీలైనంతవరకు దానికి పైన పెట్టించుకోవాలి. వంటగట్టు కింద ప్లైవుడ్ డబ్బాలకు బదులు గ్రానైట్ పలకల అరలు కట్టించుకుంటే నీరు వచ్చిపోయినా కడిగి వాడుకోవచ్చు. పై అంతస్తులవారికీ ఒక మాట. సరుకు దింపి పార్కింగులో నేల మీద పెట్టనివ్వకండి. ప్లైవుడ్‌ను గోడకు ఏటవాలుగా నిలబెడితే వంగుతుంది. ఇంట్లోనే, చెక్కదిమ్మల మీద బల్లపరుపుగా పేర్చించాలి.

ప్లైవుడ్ విషయంలో ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట విని సంతోషించవద్దు. షీటు మీద ఐఎస్‌ఐ ముద్ర, దాని పక్కన అంకె చదవండి. సాధారణ ప్లైవుడ్ ప్రమాణమైన ఐఎస్ 303లో ఎంఆర్ రకం గాలిలోని తేమను తట్టుకుంటుంది, నీటిని తట్టుకోదు. బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం అంతకంటే నయం. మెరైన్ ప్లై అని పిలిచే ఐఎస్ 710ను మరిగే నీటిలో 72 గంటలు ఉంచి పరీక్షిస్తారు. సింకు కింద, స్నానాలగది పక్క గోడకు 710 వేయించి, పొడిగా ఉండే గదుల్లో ఎంఆర్‌తో సరిపెట్టుకోవచ్చు. ఇల్లంతా ఖరీదైనదే వేయాలన్న మాటలో అర్థం లేదు. ముద్ర కట్టలో అన్నింటికంటే పై షీటుకే ఉందా, అన్నింటికీ ఉందా అని దింపేటప్పుడే చూడండి. కోసిన అంచులన్నీ మూయించాలి. గోడవైపు ఉండే వెనక భాగానికీ లామినేట్ గాని, రంగు గాని ఉండాలి. చాలామంది వదిలేసేది ఇదే, చెమ్మా చెదలూ చొరబడేదీ అక్కడినుంచే. కొండపల్లి బొమ్మల కోసం అద్దాల అర కట్టించుకునేవారు దాన్ని లోపలి గోడకు పెట్టించుకోండి. ఆ బొమ్మలు చేసే పొణికి చెక్క మెత్తనిది, తేమను ఓర్చుకోలేదు.

మన ఎండలకు ఏసీ లేకుండా గడవదు. ఉక్కపోత రోజుల్లో దాని నుంచి నీరు బాగా కారుతుంది. డ్రెయిన్ పైపుకు వాలు సరిగా ఉందో లేదో ఫాల్స్ సీలింగ్ మూయకముందే ఒక చెంబు నీరు పోసి చూడండి. ఏసీకి వేరే వైరు, వేరే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చి) ఉండాలి. ఫ్యాను శ్లాబులోని కొక్కేనికే వేలాడాలి, జిప్సం ఫ్రేముకు ఎన్నడూ బిగించకూడదు. గ్యాసు సిలిండరును అలమరాలో దాచేవారు తలుపు అడుగున గాలి రంధ్రాలు పెట్టించండి. వంటగ్యాసు గాలికంటే బరువైనది కనుక లీకైతే నేలమట్టానికి చేరుతుంది.

పని జరిగే రోజుల్లో థిన్నరు డబ్బాలున్న గదిలో పనివారు వంట చేసుకోకుండా చూడండి. ప్లగ్గు లేకుండా ఒట్టి తీగలను సాకెట్లో దూర్చి రంపపు మిషన్లు నడపనివ్వకండి. వారి ప్రాణాల బాధ్యత మనమీదే ఉంది.

ఒప్పందంలో చదరపు అడుగు రేటు ఒక్కటే రాయించుకుంటే చాలదు. షట్టరు (అలమరా తలుపు) ముఖం కొలతకే డబ్బులా, లోపలి అరలకూ విడిగా లెక్కా, జీఎస్టీ కలిపా, ఏ కంపెనీ కీళ్లు, ఏ మందం ప్లై, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. అడ్వాన్సు సగం దాటనివ్వకండి. చివరి వాయిదాలో కొంత భాగాన్ని మరో పెద్ద వాన కురిసి, అలమరాల వెనక చేయి పెట్టి చూసుకున్నాకే ఇస్తామని పని మొదలుకాకముందే మాట్లాడుకోండి.