యాక్టిన్ తంతువులు, నాలుగో పాఠం: రెండు కొనల లెక్క

తంతువు కట్టుబడి గత పాఠంలో చూశాం. యాక్టిన్ కణాల్లో ఉండే ఒక ప్రొటీన్. సుమారు 42 కిలోడాల్టన్ల బరువున్న దాని అణువులు రెండు పేటలుగా మెలిపడి, 7 నానోమీటర్ల మందమున్న తంతువు అవుతాయి. అణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి ప్లస్ కొన తీరు వేరు, మైనస్ కొన తీరు వేరు. ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఏ కొన ఎంత వేగంగా పెరుగుతుందో మీరే లెక్కగట్టబోతున్నారు.

సూత్రం ఒక్కటే. చేరిక స్థిరాంకాన్ని (అణువులు కొనకు ఎంత చురుగ్గా చేరతాయో చెప్పే సంఖ్య) విడి యాక్టిన్, అంటే ఇంకా తంతువులో చేరని యాక్టిన్, గాఢతతో గుణించి, అందులోంచి ఊడిపోయే రేటును తీసివేయాలి. గాఢత పెరిగితే చేరిక పెరుగుతుంది. ఊడిపోయే రేటు మాత్రం మారదు, ఎందుకంటే కొనన ఉన్న అణువుకు బయట ఎన్ని అణువులున్నాయన్న దానితో పని లేదు. ఈ ముక్క మనసుకు పట్టేదాకా ముందుకు వెళ్లకండి.

1986లో జీవశాస్త్రవేత్త థామస్ పొలార్డ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఈ విలువలు కొలిచారు. ఏటీపీని (కణానికి శక్తినిచ్చే చిన్న అణువు) పట్టుకున్న యాక్టిన్‌కు ప్లస్ కొనన చేరిక స్థిరాంకం 11.6 (ఒక్కో మైక్రోమోలార్ గాఢతకు, సెకనుకు), ఊడిపోయే రేటు సెకనుకు 1.4. మైనస్ కొనన అవి 1.3, 0.8.

గాఢత 1 మైక్రోమోలార్ అనుకోండి. ప్లస్ కొన సెకనుకు 10.2 అణువులు, మైనస్ కొన 0.5 అణువు పెరుగుతాయి. గాఢతను 0.3కు దించండి. ప్లస్ కొన ఇంకా 2.08 చొప్పున పెరుగుతూనే ఉంటుంది, మైనస్ కొన 0.41 చొప్పున తరుగుతుంది. రేటు సున్నా అయ్యే గాఢతే సందిగ్ధ గాఢత: ప్లస్‌కు 0.12, మైనస్‌కు 0.6. తంతువులో చేరాక ఏటీపీ విచ్ఛిన్నం కాకపోతే ఈ రెండూ సమానం కావలసిందే. ఆ తేడా శక్తి ఖర్చుపెట్టి కొనుక్కున్నది. నాకు ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా అందంగా కనిపించే విషయం ఇదే.

ఇప్పుడు రెండు రేట్లనూ కలిపి సున్నా చేయండి. 2.2ను 12.9తో భాగిస్తే గాఢత 0.17 వస్తుంది. అక్కడ ప్లస్ కొనన సెకనుకు 0.58 అణువు చేరుతుంది, మైనస్ కొనన అంతే ఊడుతుంది. పొడవు మారదు, అణువులు మాత్రం తంతువు వెంట సాగిపోతుంటాయి. దీన్నే ట్రెడ్‌మిల్లింగ్ అంటారు. ఒక్కో అణువుకు తంతువు 2.7 నానోమీటర్లు పెరుగుతుంది కాబట్టి వేగం నిమిషానికి 94 నానోమీటర్లు.

చేప పొలుసుల మీది కెరటోసైట్ కణం, లోపల పెరిగే యాక్టిన్ తంతువుల తోపుతో, నిమిషానికి 10 మైక్రోమీటర్లకు పైగా పాకగలదు, అంటే మన లెక్కకు నూరు రెట్లు. యాక్టిన్ ఒక్కటే ఉంటే ఆ కణం అలా కదలలేదు.

అభ్యాసం: నిమిషానికి 10 మైక్రోమీటర్ల చొప్పున ప్లస్ కొన పెరగాలంటే విడి యాక్టిన్ గాఢత ఎంత ఉండాలి? దాదాపు 5.4 మైక్రోమోలార్ వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టే. అంత నిల్వను కణానికి సమకూర్చే కోఫిలిన్, ప్రొఫిలిన్, కొనలకు మూత వేసే ప్రొటీన్ల సంగతి ఐదో పాఠంలో.