పెడిగ్రీ చార్టులు నాకు ఎలా లొంగాయంటే

బీఎస్సీ జెనెటిక్స్‌లో నన్ను బాగా ఏడిపించినవి పెడిగ్రీ చార్టులే, అంటే ఒక కుటుంబంలో జబ్బు తరతరాలుగా ఎవరెవరికి వచ్చిందో చూపే పటాలు. జబ్బు వారసత్వంగా వచ్చే తీరు ఏ రకమో ఊహించడం పక్కనపెట్టి, కుదరనివి ఒక్కొక్కటే కొట్టేయడం మొదలుపెట్టాక టెన్షన్ తగ్గింది.

జబ్బు లేని దంపతులకు జబ్బున్న బిడ్డ పుడితే మామూలుగా అది రిసెసివ్, అంటే సరైన జన్యువు కాపీ ఒక్కటున్నా బయటపడని రకం. ఆ బిడ్డ ఆడపిల్లైతే ఎక్స్-లింక్డ్ రిసెసివ్‌నీ (ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న జన్యువుతో వచ్చే రకం) కొట్టేయొచ్చు. ఆమెకున్న రెండు ఎక్స్‌లలో ఒకటి తండ్రిదే కదా, ఆయనకున్న ఒక్క ఎక్స్‌లో లోపముంటే ఆయనకూ జబ్బు ఉండాలి, ఆయనకేమో లేదు.

అసలు చిక్కు లెక్కల్లో ఉంది. తలసీమియా (రిసెసివ్‌గా వచ్చే రక్తజబ్బు) ఉన్న పిల్లాడి అన్న ఆరోగ్యంగా ఉంటే, అతను క్యారియర్ (జబ్బు లేకుండా లోపమున్న జన్యువు ఒకటి మోసే మనిషి) అయ్యే అవకాశం 1/2 కాదు, 2/3. క్యారియర్లైన తల్లిదండ్రుల జన్యువులు బిడ్డలో ఎలా కలవొచ్చో చూపే నాలుగు గడుల పున్నెట్ చదరంలో జబ్బు గడిని పెన్సిల్‌తో కొట్టేయండి. మిగిలిన మూడింట్లో రెండు క్యారియర్లే. అతని భార్య కచ్చితంగా క్యారియరైతే వాళ్ల బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 2/3 × 1/4, అంటే 1/6.